ఆకు రోజున తెరిచిన సీసా

హనుమకొండలో మా ఇంట్లో ఎర్ర వైన్ సీసా తెరవబోతూ, దాన్ని తెచ్చిన స్నేహితుడు ఫోన్ చూసి ఆగాడు. ‘ఇయ్యాల ఆకు రోజట. పండు రోజు తాగితేనే రుచి’ అన్నాడు. మా మామ కల్లుకు తాళ్లు గీసిన మనిషి. ‘మిరుగం జూసి ఇత్తులేస్తరు గని, తాగెతందుకు సుత కార్తెలుంటయా?’ అని నవ్వాడు.

అది బయోడైనమిక్ ద్రాక్షల వైన్. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాలతో మొదలైన సేద్యం ఇది. రసాయన ఎరువులు వాడరు. ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా పాతిపెడతారు, తర్వాత తీసి నీళ్లలో గంటసేపు చిలికి పొలంలో చల్లుతారు. పేడ సంగతి మన రైతుకు కొత్త కాదు, కొమ్మే వింత. చంద్రుడున్న రాశిని బట్టి వేరు, ఆకు, పువ్వు, పండు రోజులని లెక్కగట్టింది మాత్రం తర్వాత వచ్చిన జర్మనీ సేద్యకారిణి మరియా తున్.

మామ నవ్వులాటకే అన్నా, అందులో ఖగోళం ఉంది. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడి చోటు మారితే ఋతువు మారుతుంది కాబట్టే ఏటా జూన్ 8 ప్రాంతంలో వచ్చే మిరుగానికీ (మృగశిర కార్తెకూ) వానలకూ పొత్తు కుదిరింది. చంద్రుడు 27 రోజుల పైచిలుకులో రాశులన్నీ చుట్టేస్తాడు. ఆ చుట్టులో వానా లేదు, ఎండా లేదు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 19 మంది వైన్ నిపుణులకు పినో న్వార్ అనే ద్రాక్ష రకంతో చేసిన 12 న్యూజిలాండ్ వైన్లను, ఏది ఏదో చెప్పకుండా, పండు రోజునా వేరు రోజునా రుచి చూపించారు. రోజును బట్టి రుచి మారిన ఆనవాలు దొరకలేదు. ఇది పంచాంగానికి పెట్టిన పరీక్షే, సేద్యానికి కాదు.

సరే, తాగాం. మామ మొహం చిట్లించాడు. ‘కరక్కాయ కొరికినట్టున్నది.’

సరిగ్గా పట్టాడు. రెండింట్లోనూ ఉన్నవి టానిన్లనే వగరు పదార్థాలే. వైన్‌లోకి అవి ద్రాక్ష తొక్క నుంచీ గింజల నుంచీ వస్తాయి. కరక్కాయతో పచ్చితోలును పదును చేసేటప్పుడు తోలులోని ప్రోటీన్లను పట్టుకునేవి కూడా అవే. నోట్లో లాలాజలంలోని ప్రోటీన్లను అలాగే పట్టి గడ్డకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక గరుకవుతుంది. వగరు అసలు రుచికన్నా స్పర్శకే దగ్గర. మటన్ ముక్క తిని మళ్లీ తాగితే తగ్గింది: టానిన్లకు పట్టుకోవడానికి మాంసంలోని ప్రోటీన్లు దొరికాయి, కొవ్వు నోటికి నునుపునిచ్చింది. ‘గిప్పుడు మంచిగైంది’ అన్నాడు మామ.

స్నేహితుడు మిగిలిన సగం సీసాకు బిరడా బిగించి పండు రోజుకని దాచాడు. ఈలోగా గాలి తగిలి దాని రుచి ఎలాగూ మారుతుంది. పేరు మాత్రం చంద్రుడికే పోతుంది.