కోరింత దగ్గు: ఏ పరీక్ష, ఏ వారంలో?

కోరింత దగ్గును తేల్చడానికి ఏ పరీక్ష మంచిదని అడిగితే, తెలిసిన డాక్టరు ముందు ఎదురు ప్రశ్న వేస్తారు: దగ్గు మొదలై ఎన్నాళ్లయింది?

అన్నిటికంటే పాతది కల్చర్, అంటే నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడడం. 1906లో బ్రస్సెల్స్‌లో బోర్డే, జెంగూ అనే శాస్త్రవేత్తలు బంగాళాదుంప, గ్లిజరిన్, రక్తం కలిపిన మాధ్యమం మీద, ఈ జబ్బు తెచ్చే బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియాను తొలిసారి పెంచగలిగారు. ఇది మహా సుకుమారమైన క్రిమి. ముక్కు వెనుక భాగం నుంచి నమూనా తీసే పుల్లకు మామూలు దూది చుట్టినా, ఆ దూదిలోని కొవ్వు ఆమ్లాలకే చచ్చిపోతుంది. పెరిగిందా, ఇక అనుమానం అక్కర్లేదు. కానీ అందుకు వారం, పది రోజులు ఆగాలి. పైగా రెండు వారాలు దాటినా, యాంటీబయాటిక్ పడినా పెరిగే అవకాశం బాగా తగ్గిపోతుంది. చిక్కేమిటంటే, గుక్క తిప్పుకోనివ్వని ఆ అసలు దగ్గు మొదలయ్యేది కూడా దాదాపు అప్పుడే.

రెండోది పీసీఆర్, అంటే క్రిమి డీఎన్‌ఏను వెతికి పట్టే పరీక్ష. దీనికి బతికిన క్రిమి అవసరం లేదు, దాని డీఎన్‌ఏ చాలు. సాధారణంగా వెతికే ఐఎస్481 అనే డీఎన్‌ఏ భాగం ఈ క్రిమిలో 200కు పైగా ప్రతులుగా ఉంటుంది కనుక లేశమాత్రం ఉన్నా దొరికిపోతుంది. మూడు, నాలుగు వారాల దాకా పనికొస్తుంది, ఫలితమూ త్వరగా వస్తుంది. అయితే అంత చురుకుదనమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. బోర్డెటెల్లా హోమ్సీ అనే దాయాది క్రిమిలోనూ ఐఎస్481 ఉంది. కొన్ని కోరింత దగ్గు టీకాల్లో ఉండే ఈ క్రిమి డీఎన్‌ఏ క్లినిక్ బల్లల మీద పడి నమూనాలో కలిసిన సందర్భాలూ ఉన్నాయి.

2006లో అమెరికాలోని డార్ట్‌మత్-హిచ్‌కాక్ ఆసుపత్రిలో సిబ్బంది వరసగా దగ్గడం మొదలుపెట్టారు. దాదాపు వెయ్యిమందికి పరీక్షలు చేసి, ఫలితాలు వచ్చేదాకా పనికి రావద్దన్నారు. పీసీఆర్ ఆధారంగా వందమందికి పైగా కోరింత దగ్గు అని చెప్పారు. వేలమందికి మందులో టీకాలో ఇచ్చారు. తీరా చూస్తే కల్చర్‌లో ఒక్క నమూనాలోనూ ఆ క్రిమి పెరగలేదు! దగ్గు లేనివారికి ఈ పరీక్ష చేయవద్దనడం అందుకే సబబు.

ఆలస్యంగా వచ్చిన పెద్దవారికి రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. దగ్గు మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది. ఏడాదిలోపు టీకా వేయించుకున్నవారిలో అది టీకా ప్రభావమో, జబ్బు ప్రభావమో తేల్చలేం. పసిపిల్లల్లోనూ నమ్మలేం.

మన దేశంలో తొలి టీకా ఆరో వారంలో. అంతకంటే చిన్న పసికందుల్లో ఈ దగ్గు మోతే వినిపించకపోవచ్చు, ఉన్నట్టుండి ఊపిరి ఆగవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే నమూనా తీసి ల్యాబ్‌కు పంపి, ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు.