పులి గ్యారంటీనా సార్? అడవి ట్రిప్ అపోహలు - వాస్తవాలు

ఫోన్ ఎత్తగానే మొదటి ప్రశ్న ఇదే. రూముకు ఏసీ ఉందా, భోజనంలో నాన్‌వెజ్ పెడతారా అనేవి తర్వాత వస్తాయి. నల్లమల అడవికీ నేలపట్టు పక్షుల చెరువుకూ జనాన్ని తీసుకెళ్లడం నా పని. ఏ నెలలో, ఏ వేళకు వెళ్లాం, అక్కడ ఎలా మసలుకున్నాం అన్నదాన్ని బట్టే చాలావరకు జంతువులు కనిపిస్తాయి. ఈ మాట చెబితే, మేం ఎక్కువ డబ్బిచ్చినా అంతేనా అంటారు. అంతే.

అపోహ: నల్లమల దేశంలోకెల్లా పెద్ద పులుల అడవి. పులి కనబడి తీరుతుంది.

వాస్తవం: పెద్దది కాబట్టే కష్టం. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఒక్కటే 3 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. సఫారీ బండి తిరిగేది అందులో ఓ మూల. అయితే పులి కనబడకపోయినా దాని జాడ దొరుకుతుంది. దుప్పి చిన్నదానికీ పెద్దదానికీ అరుస్తుంది, దాన్ని నేను అంతగా నమ్మను. కణితి, అంటే సాంబర్ జింక, అలా కాదు. 'ఢాంక్' అని అరిచి, తోక నిక్కబొడిచి, ముందుకాలితో నేల తడుతూ ఒకేవైపు చూస్తుంటే బండి ఆపించేస్తాను.

ఓ మే నెల పొద్దున అలాగే ఆగాం. మాతో ఉన్న చెంచు వాచర్ మాట్లాడొద్దని చెయ్యి చూపించాడు. పావుగంట కూర్చున్నాం, ఏమీ రాలేదు. వెనక్కి తిరిగి వస్తుంటే అతనే బండి ఆపమని దుమ్ములోకి చూపించాడు. మేం వెళ్లేటప్పుడు పడ్డ టైరు గుర్తు మీద పులి అడుగు ఉంది. మేం అటు చెవి పెట్టి కూర్చుంటే, అది మా వెనక దారి దాటి తన పనిమీద పోయింది. ఆ బండిలో ఉన్న పిల్లలు ఇప్పటికీ దాని గురించే అడుగుతారు.

అపోహ: ఏం చూడాలన్నా చలికాలంలోనే వెళ్లాలి.

వాస్తవం: పక్షులకైతే నిజం. పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) అప్పుడే బాగా ఉంటాయి. అదీ వాన పడి చెరువు నిండితేనే. నీళ్లు లేని ఏడాది గూడబాతులు గూళ్లు కట్టవు. జంతువుల కోసమైతే ఏప్రిల్, మే. ఆకు రాలి అడవి పలచబడుతుంది. వాగులు ఎండిపోయి చెలమలు, అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లే (పళ్లెంలాంటి నీటి తొట్లు) మిగులుతాయి. ఎండకు ఓర్చుకోవాలి మరి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎలాగూ సఫారీ మూసేస్తారు.

అపోహ: మిలటరీ రంగు బట్టలు వేసుకుంటే జంతువులకు కనబడం.

వాస్తవం: జింక జాతికి ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవు. పులి అంత మెరిసే చర్మంతో తిరుగుతూ కూడా దాక్కోగలిగేది అందుకే. పక్షులకు మాత్రం మనకంటే ఎక్కువ రంగులు కనిపిస్తాయి. కంటికి కొట్టని రంగు చొక్కా ఏదైనా చాలు. ఆ సెంటు మాత్రం రూములోనే వదిలి రండి. చిప్స్ ప్యాకెట్ కూడా.

అపోహ: బైనాక్యులర్ ఎన్ని రెట్లు చూపిస్తే అంత మంచిది.

వాస్తవం: యాభై రెట్లని అమ్మేవి చేతిలో పట్టుకుంటే పక్షి కనబడదు, మీ చెయ్యి వణుకు కనబడుతుంది. 8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. పక్షి మీద నుంచి చూపు తీయకుండా బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించి దాన్ని సర్దుకుని మళ్లీ తలెత్తేసరికి కొమ్మ ఖాళీ.

అపోహ: ఇంకాస్త దగ్గరికెళ్తే పోయేదేముంది?

వాస్తవం: దీనికి జవాబు నా తప్పులోంచే చెప్పాలి. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, ఫొటో కోసం పట్టుబట్టిన ఒకాయన మాట కాదనలేక గూడబాతుల గూళ్ల కిందికి పడవ పోనిచ్చాను. తల్లులన్నీ ఒక్కసారి లేచాయి. రెండు నిమిషాలు కాలేదు, కాకులు దిగాయి. ఒకటి గుడ్డు పగలగొట్టి తింటుంటే పడవలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఫొటో తీశాడా లేదా నేను అడగలేదు.

అపోహ: తెలిసినవాళ్లుంటే కలివి కోడినైనా చూపించొచ్చు.

వాస్తవం: 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న పక్షి అది. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చి వెలుగులో ఓ స్థానికుడు పట్టుకున్నాడు. ఆ పక్షి బతకలేదు. ఆ తర్వాతే లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. పొదల మధ్య నేలమీద చప్పుడు లేకుండా రాత్రుళ్లు తిరిగే పక్షి కాబట్టి పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్లి కాలిముద్రలు వెతికేవారు. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలిస్తే వస్తుందేమో అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట అన్నవాళ్లను ఎంతిచ్చినా ఆ చుట్టుపక్కలకు తీసుకెళ్లను.