విలువల పాఠం ఒకవైపు, లంచంపై విచారణ మరోవైపు

కళాశాల విద్యార్థికి విలువలు బోధించాలన్న ఆలోచన స్వతంత్ర భారతదేశపు తొలి విద్యా కమిషన్ నాటిది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఇందుకు మూడేళ్ల క్రమాన్నే సూచించింది. రోజూ కొన్ని నిమిషాల మౌనధ్యానంతో పాటు, మొదటి ఏడాది బుద్ధుడు, సోక్రటీసు, కబీరు, గాంధీ వంటి వారి జీవితాలను, రెండో ఏడాది మతగ్రంథాల్లో అందరికీ వర్తించే భాగాలను, మూడో ఏడాది మతతత్వశాస్త్రంలోని ప్రధాన సమస్యలను చదివించాలన్నది దాని సారాంశం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధను రాజ్యాంగంలోని 28వ అధికరణం నిషేధించడంతో, తరువాతి అర్ధ శతాబ్దపు చర్చ చాలావరకు విలువలకూ మతానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న దాని చుట్టూనే తిరిగింది. మత, నైతిక బోధనను పరిశీలించడానికి 1959లో నియమించిన శ్రీప్రకాశ కమిటీ, సత్యం, సత్ప్రవర్తన, శాంతి, ప్రేమ, అహింసలను పునాదిగా చెప్పిన 1999 నాటి ఎస్.బి. చవాన్ పార్లమెంటరీ సంఘం నివేదిక, మతాల గురించి చదివించడం మతబోధ కాదంటూ 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ వరుసలోనివే. కార్యాలయాల్లో లంచం ఎందుకు పుడుతుందన్న ప్రశ్నకు ఇందులో చోటు తక్కువ.

ఆ ప్రశ్న వేసింది కె. సంతానం అధ్యక్షతన 1962లో నియమితమైన అవినీతి నిరోధక కమిటీ. అధికారుల చేతిలోని విచక్షణాధికారాలను, ఫైళ్ల జాప్యాన్ని, ఫైలు త్వరగా కదలడానికి చేయి తడిపే అలవాటును అది పరిశీలించింది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1964లో ఏర్పడింది దాని సిఫార్సుతోనే. అదే ఏడాది జూలైలో నియమితమైన కొఠారి విద్యా కమిషన్ 1966 నాటి తన నివేదికలో నైతిక విలువల బోధనకు ప్రత్యేక స్థానం ఇవ్వాలని కోరింది. కొఠారి కమిషన్ వ్యక్తి శీలాన్ని చూసింది, సంతానం కమిటీ వ్యవస్థ లోపాలను చూసింది. ఈ రెండు ఆలోచనలనూ ఒకే తరగతి గదిలోకి తెచ్చే ప్రయత్నం గట్టిగా జరగలేదన్నదే నా అభిప్రాయం.

ఆ తరువాత విలువల విద్య క్రమంగా ఒక సబ్జెక్టుగా మారింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మొదలైన మానవ విలువల కోర్సు అనుభవం ఇంజినీరింగ్ విద్యలోకి వ్యాపించింది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నమూనా పాఠ్యప్రణాళికలో, కొత్త విద్యార్థుల మూడు వారాల పరిచయ కార్యక్రమంలో దీనికి స్థానం దక్కింది. ఇంటర్ మొదటి ఏడాది ఎథిక్స్ పేపరు సంగతి తెలుగు విద్యార్థులకు చెప్పనక్కర్లేదు: పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు.

విద్యార్థుల వైఖరిపై ఆలోచింపజేసే ఆధారం బెంగళూరు నుంచి వచ్చింది. రెమా హన్నా, షింగ్-యీ వాంగ్ అనే ఆర్థికవేత్తలు అక్కడి కళాశాలల విద్యార్థుల చేత 42 సార్లు పాచిక వేయించి, పడిన అంకెలను వారినే రాసుకోమని, ఆ మొత్తాన్ని బట్టి డబ్బు ఇచ్చారు. ఏ ఒక్కరి అబద్ధాన్నీ పట్టుకునే వీలు లేదు గానీ, పాచిక సహజంగా పడితే రావడం దాదాపు అసాధ్యమైన మొత్తాలను మూడో వంతు మంది రాశారు. ఎక్కువ మొత్తాలు రాసినవారే ప్రభుత్వోద్యోగాన్ని కోరుకునే అవకాశమూ ఎక్కువని తేలింది. డెన్మార్క్ విద్యార్థులపై ఇదే తరహాలో జరిగిన అధ్యయనంలో ఫలితం తలకిందులైంది: అక్కడ నిజాయితీపరులే ప్రభుత్వ కొలువు వైపు మొగ్గారు. కొలువులో ఏం దొరుకుతుందన్న అంచనా దేశాన్ని బట్టి మారుతుందని, ఎవరు ఆ వైపు వెళతారో నిర్ణయించడంలో దానికీ పాత్ర ఉందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఆ అంచనా ఎక్కడ ఏర్పడుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2016లో ప్రశ్నపత్రం లీకై ఎంసెట్-2 రద్దయి, వైద్య సీట్ల కోసం తెలంగాణ విద్యార్థులు సెప్టెంబరులో మళ్లీ పరీక్ష రాశారు; 2023 మార్చిలో అదే కారణంతో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో విడుదల చేసి, 2023లో సవరించిన ‘మూల్య ప్రవాహ్’ పత్రం విద్యార్థులతో పాటు అధ్యాపకులకూ పాలకవర్గాలకూ నైతిక నియమాలను నిర్దేశించడం ఈ నేపథ్యంలో గమనించదగిన మార్పే, కాకపోతే అవి మార్గదర్శకాలు మాత్రమే.