బోర్లించిన చెంబు

చిట్టితల్లికి, తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర మీ బాబాయి వీపున గాలి సిలిండర్ కట్టుకుని స్కూబా డైవింగ్‌కి దిగే ముందు, నేర్పే ఆయన "ఏం జరిగినా ఊపిరి బిగబట్టకండి" అని పదేపదే చెప్పాడని రాశావు. "ఊపిరి బిగబడితేనే కదా తాతయ్యా నీళ్లలో మునుగుతాం?" అని అడిగావు. మంచి ప్రశ్న తల్లీ.

ఒక చెంబుని బోర్లించి సముద్రంలోకి దించావనుకో. లోపలి గాలి ఎటూ పోదు, కానీ పైనున్న నీటి బరువుకి నలిగిపోతుంది. 10 మీటర్ల లోతుకి వెళ్లేసరికి సగం చెంబే మిగులుతుంది. డైవర్ సిలిండర్ ఏం చేస్తుందంటే, ఆ లోతులోనే చెంబుని మళ్లీ నిండుగా నింపుతుంది. ఇప్పుడు దాన్ని పైకి తీసుకురా. నలిగిన గాలి విప్పారుతుంది, ఒక చెంబు గాలి రెండు చెంబులవుతుంది. ఎక్కువైనది మూతి అంచు నుంచి బుడబుడమని బయటికి పోతుంది.

మన ఊపిరితిత్తులే ఆ చెంబు, నోరే దాని మూతి. మూతి మూసేస్తే? ఇత్తడి చెంబు తట్టుకుంటుందేమో. మనలో ఉన్నవి పల్చటి పొరలు. అవి చిరిగితే గాలి రక్తంలో కలిసి మెదడు దాకా పోతుంది. మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఆ ప్రమాదం ఉంది.

నా పదకొండో ఏట, వేసవిలో, మా ఊరి మోటబావిలో పందెం వేసుకున్నాం. మా పెద్దన్నయ్య చెంబు బోర్లించి రెండు నిలువుల లోతుకి తీసుకెళ్లాడు. అందులో గాలి పీల్చి రావాలి. పీల్చాను. పైకి వస్తుంటే భయమేసి, నోరు తెరిచి, బుడగలు కక్కుకుంటూ తేలాను. మా అమ్మ చెంబు లాక్కుని నాలుగు తగిలించింది. ఆ రోజు నోరు మూసుకుని వచ్చి ఉంటే ఏమయ్యేదో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ పందెం ఎవరూ వేయకండి. స్విమ్మింగ్ పూల్‌లో కూడా వద్దు.

మరి నేర్చుకున్నవాళ్లు కూడా ఊపిరి ఎందుకు బిగబడతారు? చెంబుకి భయం లేదు, మనకుంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ పరిశోధకులు 947 మంది స్కూబా డైవర్ల మరణాలను పరిశీలించి 2008లో ఒక వ్యాసం రాశారు. కష్టం దేనితో మొదలైందో తేలినవాటిలో నూటికి 41 గాలి అయిపోవడంతో మొదలైనవే. సొరచేపలు కాదమ్మా, సిలిండర్‌లో ఎంత గాలి ఉందో చెప్పే మీటరు చూసుకోకపోవడం! గాలి అయిపోగానే టెన్షన్, ఒక్క ఉదుటున పైకి పరుగు, బిగిసిన నోరు. మునగడానికి నడుముకి కట్టుకున్న సీసం బరువుల్ని వదిలేసినా తేలేవాళ్లు, ఆ సంగతి కూడా గుర్తుకు రాకుండా పోయినవాళ్లున్నారు. ఇది చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

చెంబుకి గుండె కూడా లేదు. ఆ మరణాల్లో గుండె ఆగి పోయినవాళ్లు కూడా చాలామందే. అందుకే నలభై దాటిన మీ బాబాయి మళ్లీ వెళ్లే ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఈ మాట నువ్వు చెప్తే వింటాడు. గాలి మీటరు మాటిమాటికీ చూడమను. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ (ఒత్తిడిని కొలిచే లెక్క) ఉంటే, 50 మిగిలి ఉండగానే పడవ దగ్గరికి చేరమను. పక్కనున్న తోడుని వదలొద్దను. నిమిషానికి 9 మీటర్లకి మించకుండా, నిదానంగా పైకి రమ్మను. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమను.

లెక్కలు ఇక చాలు. బాబాయి తీసిన వీడియో మళ్లీ పెట్టుకో. అతని నోటి నుంచి వచ్చిన బుడగల్నే చూడు. కింద నిమ్మకాయంత ఉన్నది పైకి పోతూ పోతూ గొడుగులా విప్పారుతుంది, వెండి పళ్లెంలా వెలుగుతుంది, కొన్ని పగిలి వంద ముక్కలవుతాయి. ఎన్ని లెక్కపెట్టగలిగావో నాకు రాయి.

ప్రేమతో,
తాతయ్య