పూటకో పేట: మహానగరంలో కొద్ది రోజుల బస గురించి అపోహలు, వాస్తవాలు

రెండు మూడు రోజుల కోసం పెద్ద నగరానికి వెళ్ళేవారికి ఏ పూట ఎక్కడ గడపాలో ప్రణాళిక వేసి ఇవ్వడం, వీలైనప్పుడు వారి వెంట నడిచి చూపించడం చాలా ఏళ్ళుగా నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారు దాదాపు అందరూ చేతిలో ఒక జాబితాతో వస్తారు. అందులోని ప్రదేశాలతో నాకు పేచీ లేదు, అవన్నీ చూడదగినవే. కానీ ఆ జాబితాను తయారుచేసిన నమ్మకాలలో కొన్నిటిని మాత్రం మొదటి రోజే సరిచేయవలసి వస్తుంది. కొద్ది రోజుల యాత్రలో కాలాన్ని అన్నిటికంటే ఎక్కువగా మింగేసేది నగరం ఈ కొస నుంచి ఆ కొసకు చేసే తిరుగుడు. అందుకే నేను రోజులను పక్కనపెట్టి పూటలను లెక్కిస్తాను, ఒక్కో పూటను నగరంలోని ఒక్కో పేటకు కేటాయిస్తాను.

అపోహ: "మూడు రోజులున్నాయి కాబట్టి పన్నెండు చోట్లు తేలిగ్గా చూడవచ్చు."

ఈ మాట నేను తరచుగా వింటాను, విన్న ప్రతిసారీ కాగితం తీసి లెక్క వేసి చూపిస్తాను. శుక్రవారం ఉదయం 10 గంటలకు విమానం దిగుతుందనుకుందాం. ఇమ్మిగ్రేషన్, లగేజీ, నగరంలోకి ప్రయాణం, బసలో సామాను దించుకోవడం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. ఆదివారం రాత్రి 7 గంటల విమానానికి మధ్యాహ్నం మూడున్నరకల్లా బయలుదేరాలి. రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 9 వరకు తిరిగే ఓపిక ఉన్నా, మొత్తం చేతికి చిక్కేవి ఇరవై ఎనిమిదిన్నర గంటలు. భోజనాలకు, కాసేపు కూర్చోవడానికి ఏడు గంటలు తీసేయాలి. పన్నెండు చోట్లు నగరమంతా చెల్లాచెదురుగా ఉంటే వాటి మధ్య పదకొండు ప్రయాణాలు ఉంటాయి. ఒక కట్టడం గుమ్మం నుంచి మరో కట్టడం గుమ్మం దాకా లెక్కిస్తే మహానగరంలో ఒక్కో ప్రయాణానికి ముప్పావు గంట పెద్ద విషయం కాదు, అంటే మరో ఎనిమిది గంటల పైచిలుకు పోయింది. మిగిలిన పదమూడు గంటలను పన్నెండు చోట్లకు పంచితే ఒక్కోదానికి దక్కేది గంట మీద కొద్ది నిమిషాలు, అందులోనే టికెట్ క్యూ, భద్రతా తనిఖీ కూడా జరిగిపోవాలి.

అవే పన్నెండు చోట్లను పటం మీద గుర్తుపెట్టి చూస్తే చాలా నగరాల్లో అవి మూడు నాలుగు గుంపులుగా కనిపిస్తాయి. రోమ్‌లో కొలోసియం, రోమన్ ఫోరం, పాలటైన్ కొండ ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నాయి, ఆ మూడింటికీ కలిపి ఒకే టికెట్ ఇస్తారు. వాటిని ఒక పూటలో నడుస్తూ చూసి, వాటికన్ వైపు ఉన్నవన్నీ మరో పూటకు ఉంచుకుంటే ఆ మధ్య చేయవలసిన పెద్ద ప్రయాణం ఒక్కటే అవుతుంది. పదకొండు ప్రయాణాలు మూడుకు తగ్గినప్పుడు మిగిలే ఐదారు గంటలే యాత్రికుడికి నిజంగా నగరంలో దొరికే తీరిక. ఒక్కో పూటకు తప్పక చూడవలసినదిగా ఒక్కదాన్నే పెట్టుకుని, చుట్టుపక్కల ఉన్న మిగతావాటిని వీలును బట్టి చూసుకోవాలని నేను చెబుతాను. గుంపుకు దూరంగా ఒంటరిగా మిగిలిపోయిన ప్రదేశం ఎంత పేరున్నదైనా, దాని కోసమే ప్రాణం కొట్టుకుంటే తప్ప, దాన్ని వదిలేయడం మంచిది.

అపోహ: "మెట్రో పటంలో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రైల్లో వెళితే త్వరగా చేరతాం."

మెట్రో పటం దూరాలను చూపించడానికి గీసినది కాదు. లండన్ భూగర్భ రైల్వే కోసం హ్యారీ బెక్ 1931లో గీయగా 1933లో ప్రయాణికుల చేతికి వచ్చిన పటం ఈ పద్ధతికి ఆద్యం. అందులో ఆయన గీతలన్నిటినీ అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా సరిచేసి, స్టేషన్లు కిక్కిరిసిన నగరం నడిబొడ్డును పెద్దదిగా, దూరపు శివార్లను దగ్గరగా జరిపి చూపించారు. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో తెలుసుకోవడానికి అంతకంటే మేలైన పటం లేదు, అందుకే ప్రపంచంలోని మెట్రోలు చాలావరకు ఆ దారినే పట్టాయి. దాన్ని చూసి నడక దూరాన్ని అంచనా వేస్తేనే చిక్కు వస్తుంది.

లండన్‌లోనే లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ స్టేషన్‌కు వెళ్ళడం దీనికి మంచి ఉదాహరణ. ఆ రెండు స్టేషన్ల మధ్య ఉన్నది సుమారు 260 మీటర్లు, ఆ నగరపు భూగర్భ మార్గాల్లో ఇదే అతి తక్కువ దూరం. రైలు ఎక్కాలంటే ఎస్కలేటర్ మీద లోతుకు దిగి, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, ఒక నిమిషం కూడా పట్టని ప్రయాణం చేసి, అవతల లిఫ్టు కోసం జనంతో పాటు కాచుకోవాలి. లిఫ్టు రద్దీగా ఉందని మెట్ల వైపు తిరిగినవారు 193 మెట్లు ఎక్కవలసి ఉంటుంది. ఒకసారి నా బృందంలో ఇద్దరు యువకులు పందెం వేసుకుని ఆ మెట్లు ఎక్కారు, మేము పైన వీధిలో తీరిగ్గా నడిచి వచ్చి వారి కోసం నిలబడవలసి వచ్చింది. రెండు స్టేషన్లకు మించని దూరమైతే ముందు నడక పటంలో చూడండి. మరోవైపు, పటంలో చిన్న ఉంగరంలా కనిపించే టోక్యో యమనోటె మార్గం 34.5 కిలోమీటర్లు ఉంటుంది, దాన్ని పూర్తిగా ఒక చుట్టు చుట్టడానికి సుమారు గంట పడుతుంది.

అపోహ: "ఊరి చివర బస చేస్తే డబ్బు మిగులుతుంది, రాత్రి పడుకోవడానికే కదా."

నగరంలో రెండు వారాలుండేవారికి ఈ మాట సరిపోతుంది. మూడు రోజులకు వచ్చినవారు రానూ పోనూ ఒక్కో వైపు యాభై నిమిషాల చొప్పున వెచ్చిస్తే మూడు రోజుల్లో ఐదు గంటలు, అంటే నిండుగా ఒక పూట, దారిలోనే కరిగిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం మధ్యాహ్నపు విశ్రాంతి పోవడం. బస దగ్గర ఉంటే ఎండవేళ గదికి వెళ్ళి గంటసేపు కాళ్ళు చాపుకుని, సాయంత్రం కొత్త ఓపికతో బయటకు రావచ్చు. పిల్లలు, పెద్దవారు వెంట ఉన్నప్పుడు ఈ ఒక్క సదుపాయమే యాత్రను నిలబెడుతుంది.

అపోహ: "సెలవు దినాలు, వేళలు అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చు."

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు నాకు ఇప్పటికీ గుర్తుంది. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక కుటుంబానికి వేసిన ప్రణాళికలో పేరు పొందిన ఒక మ్యూజియాన్ని దాని వారపు సెలవు రోజున పెట్టాను. ఆ ఇంటి పెద్దావిడ ఆ మ్యూజియం కోసమే అంత దూరం వచ్చారు. మూసి ఉన్న గేటు ముందు నిలబడి ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనకపోవడం నన్ను మరింత బాధపెట్టింది. అప్పటి నుంచి ఏ ప్రణాళికైనా సెలవుల పట్టికతోనే మొదలుపెడుతున్నాను.

పారిస్‌లో లూవ్ర మ్యూజియం మంగళవారం, ఓర్సే మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. ఒకటి మూసిన రోజున దానికి వెళ్ళవలసిన జనంలో చాలామంది రెండోదానికి మళ్ళుతారు కాబట్టి సెలవుతో పాటు ఆ రద్దీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపి ప్రాసాదానికి మంగళవారం సెలవు. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. ఢిల్లీలో ఎర్రకోట, జాతీయ మ్యూజియం, లోటస్ టెంపుల్ మూడూ సోమవారమే మూస్తారు, శని, ఆది, సోమవారాలు చూసుకుని వెళ్ళినవారికి మూడో రోజు ఏం చేయాలో తోచదు. పండుగలు, మరమ్మతులు వీటికి అదనం కాబట్టి బయలుదేరే వారంలో ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోవాలి. మూసే వేళను చూసి ఊరుకోకుండా, లోపలికి అనుమతించే చివరి వేళ ఏమిటో కూడా చూడండి, అది చాలా చోట్ల మూసే వేళకు అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. వేళలను శ్రద్ధగా చదివేవారికి లాభాలు కూడా కనిపిస్తాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం శుక్ర, శనివారాల్లో రాత్రి 9 గంటల వరకు తెరిచి ఉంటుంది, పగటి పూటను ఆరుబయటి ప్రదేశాలకు ఉంచుకుని దాన్ని సాయంత్రం చూడవచ్చు.

అపోహ: "పెద్ద మ్యూజియాన్ని పూర్తిగా చూడకపోతే చూడనట్టే."

లూవ్రలో ప్రదర్శనకు ఉంచిన వస్తువులు సుమారు 35,000. ఒక్కోదాని ముందు అర నిమిషం నిలబడినా మొత్తం సుమారు 290 గంటలవుతుంది, అంటే రాత్రింబవళ్ళు ఆగకుండా పన్నెండు రోజులు. పూర్తిగా చూడడమనేది ఎవరికీ సాధ్యం కాని పని. దీనికి శరీరం కూడా సహకరించదు. బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే మ్యూజియం అలసట గురించి రాశారు. అద్దాల పెట్టెల్లోని వస్తువులను పరిశీలించడానికి ఒక మనిషి ఎలా వంగవలసి వస్తోందో, ఎలా గొంతుక్కూర్చోవలసి వస్తోందో ఫోటోలు తీయించి మరీ చూపించారు. ఆగి ఆగి నడవడం, నిలబడి చూడడం మామూలు నడక కంటే నడుమును త్వరగా నొప్పిపెడతాయి, గంటన్నర దాటాక కళ్ళు చూస్తున్నా మనసు దేన్నీ పట్టుకోదు.

మోనాలిసా ఉన్న గదిలో నేను ప్రతిసారీ ఒక పని చేయిస్తాను. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ చిత్రం వైపు జనమంతా ఫోన్లు ఎత్తి తోసుకుంటూ ఉంటారు. నా వెంట వచ్చినవారు దాన్ని చూశాక, వెనక్కి తిరగమంటాను. ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరొనీస్ గీసిన, బైబిల్ కథలోని కానా పెళ్ళివిందు చిత్రం ఉంటుంది, దాదాపు 10 మీటర్ల వెడల్పుతో ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద వర్ణచిత్రం అదే. దాని ముందు మనిషికీ మనిషికీ మధ్య చోటు ఉంటుంది, పది నిమిషాలు నిలబడినా ఎవరూ తొయ్యరు. బల్లల దగ్గర కూర్చున్న ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తూ, మధ్యలో వాద్యాలు పట్టుకున్నవారి దగ్గర ఆగి, పై వరుసలోని పనివారిని గుర్తుపట్టేసరికి నా వెంట వచ్చినవారి ముఖాల్లో తొందర పోతుంది. ముందుగా రెండు విభాగాలు ఎంచుకుని, వాటిని అలా చూసి బయటకు రావడమే నా సలహా. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వంటి వాటిలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు కాబట్టి ఒకే రోజు అంతా చూడవలసిన ఒత్తిడి కూడా ఉండదు, గంటసేపు చూసి వచ్చి మరుసటి రోజు మరో గంట చూడవచ్చు.

అపోహ: "టూరిస్టు పాస్ కొంటే ఎప్పుడూ లాభమే."

ఒకే ధరకు నగరంలోని పలు చోట్లకు ప్రవేశమిచ్చే ఈ పాస్ కొనేముందు, మీరు ఎటూ చూడాలనుకున్నవాటి టికెట్లు విడివిడిగా కొంటే ఎంతవుతుందో కూడి, దాన్ని పాస్ ధరతో పోల్చండి. చాలామంది పాస్ కొన్నాక దాని ఖరీదు రాబట్టడం కోసం అనుకోని చోట్లకు పరుగెత్తుతారు. పాస్ ఉన్నా కొన్ని చోట్ల ప్రవేశ వేళను విడిగా ముందుగా ఖాయం చేసుకోవాలి, భద్రతా తనిఖీ క్యూలో ఎలాగూ నిలబడాలి.

అపోహ: "నగరాన్ని చూడాలంటే అన్నిటికంటే ఎత్తయిన కట్టడం ఎక్కాలి."

ఎత్తు నుంచి చూడడంలో ఆనందం ఉంది, కాదనను. కానీ 330 మీటర్ల ఐఫెల్ టవర్ ఎక్కితే పారిస్ అంతా కనిపిస్తుంది గాని ఐఫెల్ టవర్ కనిపించదు. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనాన్ని చూడాలనుకునేవారు రాక్‌ఫెల్లర్ సెంటర్ పైకి ఎక్కడం మేలు. ఏ కట్టడాన్ని చూడాలని వచ్చారో దానికి ఎదురుగా ఉన్న చోటును ఎంచుకోవాలి.

నా మట్టుకు నేను, నీటి ఒడ్డున ఉన్న నగరమైతే, అక్కడివారు రోజూ పనులకు వెళ్ళే పడవను మొదటి పూటలోనే ఎక్కిస్తాను. న్యూయార్క్‌లో స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్ లేదు, రాత్రింబవళ్ళు నడుస్తుంది, ఒక వైపు ప్రయాణం సుమారు 25 నిమిషాలు. మన్‌హటన్ నుంచి వెళ్ళేటప్పుడు కుడి వైపు కటకటాల దగ్గర నిలబడితే స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) ఆ వైపు నుంచే దాటుతుంది, వెనక్కి తిరిగితే ఆకాశహర్మ్యాలు విడివిడిగా మొదలై దూరం పెరిగేకొద్దీ ఒకే గుంపుగా దగ్గరవుతాయి. అవతలి ఒడ్డున అందరూ దిగి మళ్ళీ ఎక్కాలి, కాబట్టి ఆ కొద్ది నిమిషాలు కూడా లెక్కలో ఉంచుకోండి. హాంకాంగ్‌లో 1888 నుంచి సంస్థగా నడుస్తున్న స్టార్ ఫెర్రీ, ఇస్తాంబుల్‌లో ఐరోపా ఒడ్డు నుంచి ఆసియా ఒడ్డుకు దాటించే పడవలు కూడా ఇలాంటివే. కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది, నగరంలో ఏ పేట పక్కన ఏ పేట ఉందో కంటికి అర్థమవుతుంది, ఆ తర్వాతి పూటల ప్రణాళిక యాత్రికుడికి తన మనసులోనే కుదురుకుంటుంది.

అపోహ: "వేరే కాలమండలానికి వెళితే మొదటి రోజు నిద్ర ఆపుకుంటే చాలు, శరీరం సర్దుకుంటుంది."

శరీరంలోని గడియారం ఒక్కో గంట కాలభేదానికి ఒక్కో రోజు చొప్పున మాత్రమే మెల్లగా జరుగుతుందని స్థూలంగా చెప్పవచ్చు. ఆ గడియారపు సహజమైన రోజు 24 గంటల కంటే కాస్త ఎక్కువ కాబట్టి తూర్పుకు వెళ్ళినవారికి పడమరకు వెళ్ళినవారికంటే ఎక్కువ కష్టం. మూడు రోజుల యాత్ర అది సర్దుకునే లోపే ముగుస్తుంది. కనుక దానితో పోరాడకుండా దాన్ని వాడుకోవడం మంచిది. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తే పక్క మీద దొర్లకుండా వెలుతురు రాగానే బయటకు నడవండి. పగలంతా జనంతో నిండి ఉండే రోమ్ ట్రేవీ ఫౌంటెన్ దగ్గర ఆ వేళలో నీళ్ళ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. బాగా అలసిపోయే వేళకు మాత్రం టికెట్ కొన్న కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి.

అపోహ: "తిరుగు ప్రయాణం రోజు ఎందుకూ పనికిరాదు."

చాలామంది ఆ రోజును గదిలో సామాను సర్దుతూ, విమానాశ్రయంలో ముందుగా వెళ్ళి కూర్చుని గడిపేస్తారు. గది ఖాళీ చేశాక కూడా సామానును బసలోనే కొన్ని గంటలు ఉంచుకోనిస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో క్లోక్ రూములు గాని లాకర్లు గాని ఉంటాయి. ఆ పూటకు దూరపు పేట ఏదీ పెట్టుకోకుండా, బసకు నడక దూరంలో గాని విమానాశ్రయానికి వెళ్ళే రైలు ఎక్కే స్టేషన్ చుట్టుపక్కల గాని తిరగాలి. నేను సాధారణంగా ఆ పూటకు కొత్తదేదీ రాయను. మొదటి రెండు రోజుల్లో ఇంకాసేపు ఉంటే బాగుండునని మీకు ఎక్కడ అనిపించిందో అడిగి, దగ్గరైతే ఆ చోటి పేరే మళ్ళీ రాస్తాను. అక్కడి నుంచి బయలుదేరవలసిన వేళను మాత్రం దాని పక్కనే ఎర్ర సిరాతో రాసి ఇస్తాను.