రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే షుగరు ఎక్కడిది?

"రాత్రి రెండు ఇడ్లీలు తిని పడుకున్నాను డాక్టరుగారూ. పొద్దున్నే చూస్తే 170. ఎక్కడినుంచి వచ్చింది?" నెల్లూరు పొగతోటలో ఏ షుగరు డాక్టరు గది బయట కూర్చున్నా ఈ ప్రశ్న చెవిన పడుతుంది. ఒంగోలులోనూ అంతే. చాలామందికి దీనికి సరైన జవాబు దొరకదు. "స్వీట్లు మానేయండి" అన్న మాటతో బయటికి వస్తారు. స్వీట్లు మానేసి ఏడాదైన వాళ్ళు కూడా ఆ మాటే విని వస్తారు. ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే, గత పదిహేనేళ్ళలో షుగరు వైద్యం ఎటు మళ్ళిందో సగం అర్థమైనట్టే.

ఆ చక్కెరను వదిలింది కాలేయం. కాలేయం మన ఒంట్లో గాదె లాంటిది. తిన్నప్పుడు మిగిలిన గ్లూకోజును నిలవ చేసుకుని, నిద్రలో మెదడుకి ఇంధనం ఆగకుండా కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. నిలవ చాలకపోతే కొత్తగా తయారు చేస్తుంది కూడా. ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో చెప్పేది ఇన్సులిన్. కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఆ అదుపు తప్పిపోతుంది, రాత్రంతా గ్లూకోజు కారుతూనే ఉంటుంది. పరగడుపు షుగరు పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

పొట్ట స్కానింగు రిపోర్టులో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని ఉంటే "అందరికీ ఉండేదేలే" అనుకుని మడిచి పెట్టేస్తాం. చాలామందికి ఉన్న మాట నిజమే. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో రాయ్ టేలర్ బృందం 2011లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. టైప్ 2 షుగరున్న 11 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకి దాదాపు 600 కేలరీలే ఇచ్చారు. మొదటి వారంలోనే వాళ్ళ పరగడుపు షుగరు మామూలు స్థాయికి వచ్చింది, కాలేయంలో కొవ్వు బాగా తగ్గింది. ఆ తర్వాతి వారాల్లో క్లోమగ్రంథిలోని కొవ్వు కూడా తగ్గి, ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలు మళ్ళీ పని అందుకున్నాయి. ఆ కణాలు చచ్చిపోయాయని అంతకుముందు చాలామంది నమ్మేవారు. మొదటి కొన్నేళ్ళలో వాటిలో చాలా భాగం పని మానేసి ఉంటాయే తప్ప చావవని తేలడం నిజంగా పెద్ద మాట.

"నేను లావుగా లేను కదా, నాకు షుగరేంటి?" అనేది మన దగ్గర వినపడే రెండో ప్రశ్న. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్‌కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. మన జనంలో చాలామంది శరీర తత్వం ఇదే: చేతులు కాళ్ళు సన్నం, కండ తక్కువ, కొవ్వంతా పొట్టలో. కండ తక్కువైతే తిన్న గ్లూకోజు పోయే చోటు తగ్గుతుంది, మిగిలింది కాలేయానికి చేరుతుంది. అందుకే మనవాళ్ళకి బీఎంఐ హద్దు 25 దగ్గర కాకుండా 23 దగ్గరే మొదలవుతుంది. నడుము కొలత మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే జాగ్రత్త పడాలి. దర్జీ టేపు ఉంటే చాలు, ఇంట్లోనే చూసుకోవచ్చు.

బరువు తగ్గితే షుగరు పోతుందా? బ్రిటన్‌లో 298 మందితో జరిగిన డైరెక్ట్ అధ్యయనం దీన్ని సూటిగా పరీక్షించింది. షుగరు వచ్చి ఆరేళ్ళ లోపువాళ్ళని, ఇన్సులిన్ వాడనివాళ్ళని తీసుకుని, మూడు నుంచి ఐదు నెలలు రోజుకి దాదాపు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాది చివర అలా చేసిన వాళ్ళలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులో ఉంది. 15 కిలోలు అంతకంటే ఎక్కువ తగ్గిన వాళ్ళలో 86 శాతం మందికి అలా జరిగింది. బరువు మళ్ళీ పెరిగిన వాళ్ళకి షుగరూ తిరిగొచ్చింది. దీన్ని నయమైందనరు, ఉపశమనం అంటారు. టేలర్ బృందమే తర్వాత లావు లేని 20 మందిలో ఇలాంటి ప్రయత్నం చేస్తే, ఒంటి బరువులో దాదాపు పదో వంతు తగ్గేసరికి 14 మందికి ఉపశమనం దక్కింది. మన సన్నటి మనుషులకి పనికొచ్చే కబురు ఇది. మాత్రలు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఇంట్లో ఇలాంటి పస్తులు మొదలుపెట్టకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుని భోజనం మానేస్తే షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు.

ఇక అన్నం సంగతి. పెన్నా నీళ్ళు తాగిన నేలలో పుట్టి అన్నం మానమంటే ఎవరు వింటారు? నెల్లూరు మొలగొలుకులంటే ఒకప్పుడు మద్రాసు దాకా పేరు. ఇప్పుడు ఇళ్ళలో ఉడికేది ఎక్కువగా బాగా పాలిష్ పట్టిన సన్నబియ్యం. పొద్దున దోశ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీతో బిస్కెట్లు, రాత్రి మళ్ళీ అన్నం. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు, 13.6 కోట్ల మందికి షుగరు ముందు దశ ఉన్నాయని లెక్క కట్టింది. అదే అధ్యయనం నుంచి 2025లో వచ్చిన ఆహార విశ్లేషణ, మన దేశంలో కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని చెప్పింది.

అందులోనే ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. తెల్లన్నం బదులు గోధుమలకో చిరుధాన్యాలకో మారినా, మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే షుగరు ముప్పు తగ్గినట్టు కనపడలేదు. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తినడం, కొర్రన్నం కదా అని పళ్ళెం నిండా పెట్టుకోవడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. సజ్జ, వరిగ, కొర్ర మంచివే, పీచు ఉంటుంది. అయినా అవీ ధాన్యాలే. ఆ విశ్లేషణ ప్రకారం పిండిపదార్థంలో కొంచెం తగ్గించి, కేలరీల్లో 5 శాతం మేర పప్పు, పాల వంటి వాటి నుంచి మాంసకృత్తులు చేర్చినా ముప్పు తగ్గుతుంది. ఆ మాంసకృత్తుల కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. కంది, శనగ ప్రకాశం మెట్ట పొలాల్లోనే పండుతున్నాయి, చేప మైపాడు, కొత్తపట్నం తీరాల్లోనే దొరుకుతుంది. పళ్ళెంలో ముందు కూర, పప్పు, చేప ముక్క తిని అన్నం చివర్న తింటే భోజనం తర్వాతి షుగరు అంతగా ఎగబాకదు. చేపల పులుసు తినేటప్పుడు పులుసు కోసం అన్నం పెరుగుతుంది, అది కాస్త చూసుకోవాలి.

అన్నం మానలేమనే వాళ్ళకి మరో దారి విత్తనంలో ఉంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి రకానికి ఆకు ఎండు తెగులు తట్టుకునే గుణం చేర్చి, హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి మెరుగుపరచిన సాంబ మసూరిని తెచ్చాయి. తిన్నది రక్తంలో షుగరును ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచీ దానికి 51 దగ్గరే ఉందని తర్వాత తేలింది. సన్నబియ్యంలో అది తక్కువే. అలాగని మూడు పూటలా కడుపు నిండా తినమని కాదు.

మందుల్లో వచ్చిన మార్పు ఇంకా పెద్దది. మెట్‌ఫార్మిన్ ఇప్పటికీ మొదటి మాత్రగా నిలిచే ఉంది, అది పనిచేసేది ముఖ్యంగా కాలేయం మీదే. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు అప్పుడప్పుడు బి12 చూపించుకోవాలి. అసలు మలుపు కిడ్నీ మీద పనిచేసే షుగరు మాత్రలతో వచ్చింది. మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 గ్రాముల గ్లూకోజును వడపోసి, దాన్నంతా మళ్ళీ రక్తంలోకి పీల్చుకుంటాయి. ఆపిల్ చెట్టు బెరడులో 1835లోనే దొరికిన ఫ్లోరిజిన్ అనే పదార్థం ఆ పీల్చుకోవడాన్ని ఆపుతుంది. ఆ దారిలోనే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తయారయ్యాయి. మూత్రంలో చక్కెర పోగొట్టడం వైద్యమేమిటని మొదట్లో విడ్డూరంగా అనిపించింది. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ వాడిన గుండె రోగుల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో వచ్చే మరణాలు 38 శాతం తగ్గాయని తేలాక అందరూ ఉలిక్కిపడ్డారు. 2020లో డపాగ్లిఫ్లోజిన్ కిడ్నీల క్షీణతను గట్టిగా నెమ్మదింపజేస్తుందని, షుగరు లేని కిడ్నీ రోగుల్లోనూ అలాగే పనిచేస్తుందని రుజువైంది. పేటెంట్లు తీరాక ఈ మాత్రలు మన మందుల షాపుల్లో మామూలు మనిషికి అందే ధరకి దిగాయి. నాకు దీనంత సంతోషం కలిగించిన మార్పు మరొకటి లేదు. ఒక్క జాగ్రత్త: రోహిణి కార్తెలో ఎండన పడి పనిచేసేవాళ్ళు ఈ మాత్రతో నీళ్ళు బాగా తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్ర ఆపాలా అని వెంటనే డాక్టరుని అడగాలి.

వారానికో ఇంజెక్షను సంగతి అందరూ మాట్లాడుతున్నారు. భోజనం చేయగానే పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 అనే హార్మోను రక్తంలో రెండు నిమిషాల్లోనే సగం అయిపోతుంది. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో అలాంటిదే ఎక్కువసేపు నిలిచే పదార్థం దొరికింది, దాని నుంచి 2005లో మొదటి మందు వచ్చింది. ఆ కోవలోవే ఇప్పటి వారపు సూదులు: సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాల్లో దాదాపు 21 శాతం బరువు తగ్గినట్టు పెద్ద అధ్యయనాలు చూపించాయి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుందన్నది నన్ను ఆందోళన పెట్టే విషయం. అసలే కండ తక్కువున్న మనం గుడ్డు, పప్పు, బరువులెత్తే వ్యాయామం లేకుండా ఈ సూది మాత్రమే నమ్ముకుంటే తర్వాత నష్టపోతాం. ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు కూడా తెలుసు. పెళ్ళి ముందు సన్నబడదామని స్నేహితుడి చీటీతో కొనుక్కోవడం మంచిది కాదు.

పిల్లల్లో వచ్చే టైప్ 1 దారి వేరు, దానికి ఇన్సులిన్ తప్పదు. 2025లో మూలకణాల నుంచి పెంచిన క్లోమ కణాలు ఎక్కించిన 12 మందిలో 10 మంది ఏడాదికల్లా ఇన్సులిన్ మానగలిగారు. అయితే రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూ ఉండాలి.

ఇంత కొత్త వైద్యం ఉన్నా, అది ఎవరికి అవసరమో చెప్పే పరీక్షే మన దగ్గర జరగడం లేదు. నెలనెలా తినకముందు, తిన్నాక షుగరు చూపించుకునేవాళ్ళలో చాలామంది మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తి పరీక్ష ఒక్కసారీ చేయించుకుని ఉండరు. ఫ్లోరైడు నీళ్ళతో బాధపడే కనిగిరి వైపు కిడ్నీ దెబ్బతింటే అనుమానం నీళ్ళ మీదికి పోతుంది, అది సహజమే. కానీ షుగరున్న మనిషికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో మామూలుగా ఉన్నప్పుడే మూత్రంలో అల్బుమిన్ కారడం మొదలై ఉండవచ్చు. క్రియాటినిన్‌తో పోల్చిన ఆ లెక్క గ్రాముకి 30 మిల్లీగ్రాములు దాటితే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్ళీ చూస్తారు. నిజమేనని తేలితే బిపి మాత్ర మార్చడం, కిడ్నీని కాపాడే మాత్ర మొదలుపెట్టడం అప్పుడే జరగాలి. కాళ్ళవాపు వచ్చాక వెళ్తే చేయగలిగింది బాగా తగ్గిపోతుంది. అలాగే రొయ్యల చెరువు గట్ల మీద, వరి మళ్ళలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళు ఏడాదికోసారి అరికాలి స్పర్శ చూపించుకోవాలి. నరాలు మొద్దుబారిన కాలికి గవ్వ గుచ్చుకున్నా తెలియదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు షుగరు చీటీతో పాటు ఈ రెండూ చూడమని మీరే అడగండి.