ఎర్రకణానికి అంటుకున్న యాంటీబాడీని విడదీసేదెలా?

రక్తం ఎక్కించుకున్న వారం పది రోజులకు కొందరిలో హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. బ్లడ్ బ్యాంకులో డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ చేస్తే పాజిటివ్ వస్తుంది. అంటే ఎర్రకణాల మీద ఏదో యాంటీబాడీ అంటుకుని ఉందన్నమాట. కానీ అది ఏదో ఆ టెస్ట్ చెప్పదు. ప్లాస్మాలో వెతికినా ఒక్కోసారి దొరకదు, ఉన్నదంతా కణాలనే పట్టుకుని ఉంటుంది కాబట్టి. అందుకే దాన్ని కణం నుంచి ఊడదీయాలి. ఈ పనినే ఎల్యూషన్ అంటారు.

ఇది సాధ్యమవడానికి కారణం, యాంటీబాడీకీ, కణం మీద అది పట్టుకునే గుర్తు అయిన యాంటీజెన్‌కీ మధ్య ఉండేవి బలహీనమైన ఆకర్షణలే కావడం. వేడి చేస్తే అవి సడలిపోతాయి. రక్తం గ్రూపులను కనిపెట్టిన లాండ్‌స్టీనర్, మిల్లర్‌తో కలిసి 1925లోనే వేడితో ఈ పని చేశాడు. ఇప్పుడైతే 56 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచుతారు. తల్లిది ‘ఓ’ గ్రూపు, బిడ్డది ‘ఏ’ లేదా ‘బి’ గ్రూపు అయి పుట్టగానే కామెర్లు వస్తే, బిడ్డ కణాలను మంచులా గడ్డకట్టించి కరిగించే పద్ధతి బాగా పనికొస్తుంది, దానికి రక్తం కొంచెమే చాలు. మిగతా చాలా యాంటీబాడీలకు ఆమ్లమే మేలు: పీహెచ్ 3 దగ్గరి గ్లైసిన్ ద్రావణం కలిపి, పైకి తేరిన ద్రవాన్ని తీసి, వెంటనే బఫర్‌తో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంతో) ఆ ఆమ్లత్వాన్ని సరిచేస్తారు.

నా దృష్టిలో అసలు నైపుణ్యమంతా అంతకుముందు కణాలను కడగడంలోనే ఉంది. సెలైన్‌తో నాలుగు నుంచి ఆరు సార్లు కడగాలి. యాంటీబాడీ గాజుకు కూడా అంటుకుంటుంది కాబట్టి తర్వాత కణాలను కొత్త ట్యూబులోకి మార్చాలి. చివరిసారి కడిగిన నీటిని మాత్రం పారబోయకూడదు. ఊడదీసిన ద్రవంతో పాటు దాన్నీ పరీక్షించాలి. అందులోనూ యాంటీబాడీ కనిపిస్తే, మనం చూస్తున్నది ప్లాస్మాలో మిగిలిపోయినదే కావచ్చు. ఇక ఆ ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు.

కొన్నిసార్లు యాంటీబాడీ అక్కర్లేదు, కణమే చెక్కుచెదరకుండా కావాలి. కణం మీద యాంటీబాడీ ఉండగా కూంబ్స్ పద్ధతిలో గ్రూపు యాంటీజెన్లు చూస్తే, ముందే అంటుకుని ఉన్న ఆ యాంటీబాడీ వల్ల అన్నీ పాజిటివ్‌గానే కనిపిస్తాయి మరి. అప్పుడు క్లోరోక్విన్ వాడతారు, మనకు తెలిసిన ఆ మలేరియా మందే! నెమ్మదిగా, గంటా రెండు గంటల్లో చాలావరకు ఊడదీస్తుంది. ఈడీటీఏ అనే రసాయనం, గ్లైసిన్ ఆమ్లం కలిపిన ద్రావణమైతే ఒకటి రెండు నిమిషాల్లోనే పని పూర్తి చేస్తుంది. కాకపోతే అది కెల్ అనే రక్తం గ్రూపు యాంటీజెన్లను నాశనం చేస్తుంది. అలా శుభ్రం చేసిన కణాలపై కెల్ నెగటివ్ అని వస్తే రిపోర్టులో రాయకూడదు.